ఎర్ర పేలిక కట్టిన సంచి

భద్రమ్మకు అసహ్యమనేదే లేదని దవాఖానలో అందరి నమ్మకం. ఇరవై రెండేళ్లుగా కాన్పుల గది కడుగుతోంది. చీమూ నెత్తురైనా, వాంతైనా ఎత్తిపోసి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, అదే చేత్తో సద్ది విప్పుకుని తింటుంది.

"నీకు ముక్కు లేదా భద్రక్కా?" అని నర్సు శ్రీవాణి ఆటపట్టించేది.

"మనిషి నుంచి వచ్చిందే గద బిడ్డా, రోతెందుకు?" అనేది భద్రమ్మ.

పుట్టింది దేవరుప్పుల, మెట్టింది నర్సింహులపేట. పాత దవాఖానలో ఉన్నప్పుడు కాన్పు తర్వాత పడే మాయలను తనే లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చేది. మాయను కుక్క ముట్టిందంటే పుట్టిన బిడ్డకు కీడని ఈ ఊళ్లలో భయం. తన ఇద్దరు పిల్లల మాయలను ఆమె అత్త కూడా పెరట్లో అట్లాగే పూడ్చింది.

తర్వాత కొత్త భవనం వచ్చింది. పైన సోలార్ పలకలు, వెనక ఇంకుడు గుంతలు, గోడల నిండా ఆకుల బొమ్మలు. చెత్తకు నాలుగు రంగుల డబ్బాలు పెట్టి, దేనిలో ఏది వేయాలో రెండు రోజులు నేర్పారు. మాయలు పసుపు సంచుల్లోకి. రెండు రోజులకోసారి బండి వచ్చి తీసుకెళ్లి దూరాన బూడిద చేస్తుందన్నారు. చదువు రాని భద్రమ్మ రంగులన్నీ ఒక్క పూటలో కంఠతా పట్టింది. ఇన్నాళ్లకు తన పనికీ ఒక పద్ధతి వచ్చిందని మురిసిపోయింది కూడా, పిచ్చిది. పైన పటారం, లోన లొటారం అని అప్పుడామెకేం తెలుసు!

ఆ సోమవారం, తండా నుంచి వచ్చిన తారి అనే అమ్మాయికి మగబిడ్డ పుట్టాడు. ఆమె అత్త రుక్కి గది బయటే కాచుకుని ఉంది.

"మా మాయ మాకియ్యి బిడ్డా, పెరట్ల పాతుకుంటం."

"ఇప్పుడు గట్ల ఇయ్యరవ్వా. బండొచ్చి తీస్కపోతది, బూడిద జేస్తరు. కుక్క గాదు, ఈగ సుత ముట్టది."

"నీ మాటేనా?"

"నా మాటే."

రుక్కి తన లంగా అంచు నుంచి ఎర్ర పేలిక చింపి గుర్తుగా ఇచ్చింది. భద్రమ్మ దాన్ని పసుపు సంచి మూతికి గట్టిగా ముడేసింది.

మంగళవారం బండి రాలేదు. బుధవారమూ రాలేదు. వెనక షెడ్డులో సంచులు ఉబ్బి, కారి, ఈగలు ముసిరాయి. గురువారం సాయంత్రం సూపర్‌వైజర్ జనార్దన్ ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చాడు. మర్నాడు పెద్దాఫీసర్లు వస్తున్నారట, 'పచ్చని దవాఖాన' అనే బహుమతి ఇవ్వొచ్చో లేదో చూడటానికి.

"గివన్నీ ఇంకుడు గుంతల ఏసి, మీద కంకర కప్పు."

"సారూ, వాన నీళ్లు దిగే గుంత గది! పక్కనే బోరు. వార్డులల్ల బాలింతలు గవే నీళ్లు తాగుతరు."

"రేపొక్క రోజే. జర సమజ్ చేస్కో. లేకుంటే రేపటి సంది పనికి రాకు."

ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే. ఒక్కో సంచీ మోసుకెళ్లి వేసింది. ఎర్ర పేలిక సంచి దగ్గర ఆగింది. జనార్దన్ చూస్తున్నాడు. దాన్నీ వేసింది.

ఇంటికెళ్లి ఎన్నిసార్లు చేతులు కడుక్కుందో లెక్కలేదు. కంచం ముందు కూర్చుని, అన్నంలో చెయ్యి పెట్టలేక పక్కకు జరిపేసింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి భద్రమ్మకు రోత పుట్టింది, అదీ తన చేతుల మీద.

శుక్రవారం ఆఫీసర్లు వచ్చారు. సోలార్ పలకలు చూసి తలలూపారు, ఆకుల బొమ్మల దగ్గర ఫోటోలు దిగారు. ఇంకుడు గుంత దగ్గరికొచ్చాక ఒకాయన చెత్త సంగతి అడిగాడు.

"రెండ్రోజులకోసారి బండి వస్తుంది సార్. కావాలంటే మా భద్రమ్మనే అడగండి," అన్నాడు జనార్దన్, సిగ్గనేది లేకుండా.

సరిగ్గా అప్పుడే రుక్కి పసివాణ్ని ఎత్తుకుని, తారిని నడిపించుకుంటూ ఇంటికి బయల్దేరి అటువైపు వచ్చింది. భద్రమ్మను చూసి ఆగింది.

"బిడ్డా, బండొచ్చిందా? మాది బూడిదైందా?"

జనార్దన్ కళ్లురిమాడు. ఆఫీసర్లు నవ్వుముఖాలతో జవాబు కోసం చూస్తున్నారు. భద్రమ్మ రుక్కి వైపు తిరిగింది.

"రాలేదవ్వా," అంది. "నీకిచ్చిన మాట నేనే తప్పిన. ఈ చేతులతోనే గిండ్ల ఏసిన."

పార తీసుకుని కంకర లాగింది. నాలుగు పారలకే పసుపు సంచులు బయటపడ్డాయి. కంపు గుప్పుమంది. ఆఫీసర్లు రుమాళ్లు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు. ఒకాయన గోడ దగ్గర కక్కుకున్నాడు. "పిచ్చి లేసింది సార్ దీనికి," అని జనార్దన్ అరుస్తున్నాడు.

రుక్కి మాత్రం కదల్లేదు. ముక్కు మూసుకోలేదు. పసివాణ్ని కోడలి చేతికిచ్చి, గుంత అంచున కూర్చుని లోపలికి తొంగి చూసింది.

"ఈ సంచులల్ల మాదేది బిడ్డా?"

భద్రమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, ఎర్ర పేలిక వెతకడానికి గుంతలోకి దిగింది.