పేరు మార్చుకున్న బార్జి కోసం రాజమండ్రి నుంచి కాకినాడకు

టైపు చేయడానికి టైం పడుతోందని, పోర్టు తనిఖీల కంప్యూటరు పని చేయించే మా కాంట్రాక్టరు నా ప్రోగ్రాంలోంచి, ఓడలకి సరుకు మోసే బార్జిల రిజిస్ట్రేషన్ నంబర్లు తీయించేశాడు. పాత తనిఖీల వివరాలన్నీ జల్లెడ పట్టి, ఏ బార్జిని ముందు తనిఖీ చేయాలో చెప్పే ప్రోగ్రాం అది. పుస్తకాలు చూసి నేర్చుకుని నేనే రాశాను. "పేరుంది కదా, చాల్లేవయ్యా" అన్నాడు. కాకినాడలో కలిసిరాకపోతే జ్యోతిష్యుణ్ణి అడిగి బార్జికి పేరు మార్చేస్తారు. పేరు మారితే కంప్యూటరుకి అది మచ్చలేని కొత్త బార్జి.

నిన్న సాయంత్రం అక్క ఫోన్ చేసి, "మీ బావ బార్జికి విజయదుర్గ అని పేరు మార్చార్రా, రేపు మధ్యాహ్నం సరుకుతో సముద్రంలో ఓడ దగ్గరికి వెళ్తున్నారు" అంది. నంబర్లు తీసేయకముందు నేను దాచుకున్న పాత కాపీలో బావ బార్జి నంబరు వెతికాను. పాత పేరు మీద తనిఖీ చేసినప్పుడల్లా ఒకటే రాశారు: అడుగున చేరిన నీళ్ళు తోడే పంపు పనిచేయడం లేదని. కొత్త పేరుతో అది తనిఖీ వరుసలో అట్టడుగున ఉంది.

పొద్దున ఆరింటికి రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కాను. ద్వారపూడి, అనపర్తి మీదుగా కాలవ వెంబడి వెళ్ళే బస్సు. టికెట్ వంద లోపే, ప్రయాణం రెండు గంటల పైనే. కాకినాడలో దిగి ఆటోలో జగన్నాథపురం వంతెన దగ్గరికి చేరాను. బార్జి కొత్త రంగుతో మెరిసిపోతోంది.

"ఏంటి బామ్మర్దీ, ఆఫీసులోంచి తరిమేశారా?" అన్నాడు బావ సత్తిబాబు.

"పంపు వేసి చూశారా?"

"దుర్గమ్మ పేరు పెట్టాక నీళ్ళెక్కడొస్తాయి?"

తనిఖీ చేసే సర్వేయరు మూర్తి గారు పక్క హోటల్లో పెసరట్టు తింటున్నారు. "విజయదుర్గ వంతు వచ్చే నెల కదండీ" అన్నారు. "పేరు కాదండి, నంబరు చూడండి" అని పాత వివరాల ప్రింటు ముందుపెట్టాను. సగం అట్టు వదిలేసి లేచారు.

స్విచ్ వేస్తే మోటారు మూలిగింది, చుక్క నీరు బయటికి రాలేదు. అడుగు చెక్క ఎత్తి చూస్తే చీలమండ లోతు నీళ్ళు. "ఈ బార్జి ఇవాళ కదలదండి" అన్నారు మూర్తి గారు.

బావ పంపు స్విచ్ కట్టేశాడు. తర్వాత, "మీ అక్కకి చెప్పకు" అన్నాడు.

"చెప్పేశాను."

అప్పుడు గానీ నాకు ఆకలి తెలియలేదు. అదే హోటల్లో ఉప్మా పెసరట్టు రెండుసార్లు చెప్పాను. ఎదురుగా బావ కూర్చుని నా అల్లం పచ్చడి కూడా లాక్కుని తింటుంటే, ఇంతకంటే ఏం కావాలనిపించింది. కోపం మాత్రం పోలేదు. అక్క ఫోన్ చేసింది కాబట్టి తెలిసింది, అలా ఫోన్ రాని ఇళ్ళ సంగతేంటి?

సరదాకి బార్జి ఎక్కేవాళ్ళకి ఒక్క మాట: ముందు పంపు వేయించండి, నీళ్ళు బయటపడడం కళ్ళారా చూశాకే కాలు పెట్టండి.

కాంట్రాక్టరు గారూ, నంబర్లు తిరిగి పెట్టించండి, పేరు మార్చిన ప్రతి బార్జినీ మళ్ళీ తనిఖీకి పంపండి. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ఈ పోస్టు కిందే జవాబివ్వండి. లేదంటే శనివారం పొద్దున్నుంచి ఒక్కో బార్జి ఎక్కి, దాని పాత పేరేంటో, పాత జబ్బేంటో పనివాళ్ళకి నేనే చదివి వినిపిస్తాను.