బుడ్డమ్మ విన్న ఇంగ్లీషు

వచ్చేసిందండీ, నాకు డాక్టరేటు వచ్చేసింది! పొద్దున తిరుపతిలో వైవా జరిగింది. అడగాల్సినవన్నీ అడిగాక పరీక్షకు వచ్చిన పెద్దాయన లేచి నిలబడి "కంగ్రాచ్యులేషన్స్ డాక్టర్" అంటే, నా వెనక ఎవరైనా డాక్టరుగారు వచ్చారేమోనని తిరిగి చూశాను. నాయన వైపు, అమ్మ వైపు ఎంత వెతికినా డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. యాభై దాటాక ఈ ముచ్చట కూడా తీరింది.

బయటికి రాగానే పలమనేరుకు ఫోన్ చేశాను. తమ్ముడు ఎత్తి, నవ్వు ఆపుకుంటూ "అక్కా, నాయన అలిగినాడు" అన్నాడు. నా స్నేహితురాలు తీసిన ఫొటో నాకన్నా ముందే ఊరు చేరిపోయిందట, పక్కింటాయన వచ్చి నాయన చెయ్యి పట్టుకుని ఊపేశాడట. "ఫోను ఇస్తే తీసుకోలేదు. టీవీలో వార్తలు చదివే పాప ఉండాది సూడు, ఆ పాపతో చెప్తాండాడు, 'సూడు తల్లీ, డాక్టరయిందంట, ఊరంతా తెలిసినంక మాకు తెలిసేది' అని."

నేను రోడ్డు మీదే పగలబడి నవ్వాను, ఆ నవ్వులోనే కళ్ళు చెమర్చాయి. ఎందుకంటే నేను ఇన్నేళ్ళు కూర్చుని రాసిందే అలక తీరడం గురించి. కోపం దిగడానికి, దించడానికి ఇంగ్లీషులో ఉన్న మాటలు ఎక్కడ పుట్టాయి, ఏ అర్థంతో బయల్దేరి ఎక్కడికి చేరాయి అన్నదే నా సిద్ధాంత గ్రంథం. ఆ మాటల్ని నా నోట మొదటిసారి విన్నది ఏ ప్రొఫెసరూ కాదు, మా సీమావు బుడ్డమ్మ.

తొంభైల్లో మేము పలమనేరు పక్క పల్లెలో ఉండేవాళ్ళం. ఆవులే బతుకుదెరువు. మా నాయనకు కోపం ఎంత తొందరగా వచ్చేదో అంత తొందరగా పోయేది, అమ్మ వేడి సంగటిముద్ద మీద ఊరిబిండి పచ్చడి పెట్టి, ఇంకొంచెం వెయ్యనా అని అడిగిందంటే సగం దిగినట్టే. అయితే ఆ దిగేలోపు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, చెప్పాల్సిందంతా బుడ్డమ్మకు చెప్పేవాడు. అమ్మ కూడా తక్కువ తినలేదు, వంటింట్లోంచి జవాబులు ఆవుకే చెప్పేది. మధ్యలో అది తీరిగ్గా నెమరు వేస్తూ, ఒక్కోసారి చెవి ఆడిస్తూ, ఇద్దరి మాటా వినేది.

నాకు తిరుపతిలో ఎమ్మే ఇంగ్లీషు సీటు వచ్చిన కబురు అందేసరికి నాయన ఆవుల సంతకు పోయి ఉన్నాడు. మరుసటి రోజే చేరకపోతే సీటు పోతుంది. ఇంట్లో ఫోను లేదు. పాకాల నుంచి మేనమామ వచ్చి నన్ను వెంటబెట్టుకుపోయి చేర్పించాడు. నాయన సంత నుంచి తిరిగి వస్తూ పాలకేంద్రం దగ్గర ఎవరో చెబితే విన్నాడు. అంతకుముందు అదే పాలకేంద్రంలో, నా బిడ్డ చిత్తూరులో టీచరు ట్రైనింగు చేస్తుందని నలుగురికీ చెప్పుకున్నాడు పాపం. ఆ అలక సంగటికి దిగలేదు. దసరా సెలవులకు నేను ఇంటికొచ్చినా నా ముఖం చూడలేదు. బుడ్డమ్మతో మాత్రం, "సదివింది చాల్లే, సెలవులైనంక ఈన్నే ఉండమను" అన్నాడట.

సెలవులు అయిపోవచ్చాయి. నా ట్రంకుపెట్టె సర్దాలో వద్దో తెలియక దాని మీదే కూర్చున్నాను. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చి నా చెవిలో, "ఆయప్ప పాలు పిండతాండాడు. పో, నువ్వూ ఆవుకే చెప్పు" అని తోసింది.

బుడ్డమ్మకూ ఆరోజు ఎందుకో చిరాకు, పాలు చేపడం లేదు. నాయన గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, చన్నులకు కాస్త వెన్న రాసి, "రామ్మా, రా" అని బతిమాలుతున్నాడు. నేను దాని మెడ కింద నిమురుతూ మొదలుపెట్టాను. బుడ్డమ్మా, మా మేడమ్ ఒక మాట చెప్పింది, మాలిఫై అని, కోపంగా ఉన్నవాళ్ళని చల్లబరచడమంట, దాని మొదలు లాటిన్లో ఉందంట, అక్కడ దానర్థం మెత్తన చెయ్యడమేనంట, అన్నాను.

నాయన తలెత్తలేదు. "అడుగే బుడ్డమ్మా, మెత్తన జేసేది నేర్సుకునేదానికి తిరుపతి దాకా పోవల్లనా? నేను దినామూ ఈడ చేస్తాండేది ఏంది?"

నాకు ధైర్యం వచ్చింది. ప్లాకబుల్ అని ఇంకో మాట ఉందనీ, తొందరగా శాంతించేవాడని దానర్థమనీ, సంతోషపెట్టడమనే మాటకు అది చుట్టమనీ చెప్పాను. ఎక్సరబుల్ అని మరొకటి, నోరు తెరిచి అడిగితే దిగివచ్చేవాడు. అయితే బుడ్డమ్మా, ఈ రెండు మాటలూ ఇప్పుడు వాళ్ళే వాడటం లేదంట, ఎంత అడిగినా దిగిరానివాడికి ఉన్న ఇంప్లాకబుల్, ఇనెక్సరబుల్ మాత్రం దిట్టంగా మిగిలాయంట, అన్నాను.

బకెట్లో పాలధార సవ్వడి మొదలైంది. బుడ్డమ్మ చేపింది. కాసేపటికి నాయన, "అడిగితే దిగొచ్చేటోడి మాట పోతాందా? అది పోతే మీయమ్మకు మొగుడు యాడ దొరుకుతాడే?" అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది. "యింటివా బుడ్డమ్మా! ఈయప్పే ఒప్పుకున్న్యాడు!"

నాయన భుజాలు కదిలాయి, నవ్వాడని వెనకనుంచే తెలిసింది. బకెట్ పట్టుకుని లేచి, నెలల తర్వాత మొదటిసారి నావైపు చూసి, "పాపా, పొద్దున బస్సుకు తయారుగా ఉండు. పెట్టె నేను ఎత్తుకొస్తా" అన్నాడు. ఎత్తుకొచ్చాడు కూడా. బస్సు కదిలేదాకా ఆ మాటలు మళ్ళీ చెప్పించుకున్నాడు, పాలకేంద్రంలో చెప్పాలి గనక.

ఇప్పుడు బుడ్డమ్మ లేదు, పల్లెలో కొట్టమూ లేదు. అందరూ టౌనులో తమ్ముడి కొత్త ఇంట్లో ఉంటున్నారు. అలగడం మాత్రం లోకంలో ఏమీ తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు అలిగినవాళ్ళు గ్రూపులోంచి వెళ్ళిపోతారు, నంబరు బ్లాకు చేస్తారు, ఇక ఇవతల నిలబడి ఎంత బతిమాలినా వాళ్ళకు వినపడదు. మనకు గుర్తున్న అలకలు అలాంటివి కావు కదా, అవతలివాళ్ళకు వినపడేంత దూరంలోనే కూర్చుని అలిగేవాళ్ళు, రమ్మని అడగడానికి ఒక సందు వదిలిపెట్టేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు మాటను పోగొట్టుకున్నారని అంత పెద్ద గ్రంథం రాశాను గానీ, మనం ఆ మనుషులనే పోగొట్టుకుంటున్నామేమో.

మా ఇంట్లో అలాంటివాడు ఇంకా ఒకడున్నాడు. అది చాలు.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు చాలామందే ఉన్నారు. పాకాలలో మేనమామ. చిత్తూరులో పిన్నమ్మ, ఆమెకు వినపడదు, గట్టిగా అరవాలి. ఆ మాటలు చెప్పిన మా మేడమ్. హాస్టల్లో నా గదిలో ఉండిన కాణిపాకం అమ్మాయి. వీళ్ళందరికన్నా ముందు మళ్ళీ తమ్ముడికి, ఫోను స్పీకరులో పెట్టి టీవీ పక్కన ఆనించమని. నాయనతో కాదు, ఆ వార్తలు చదివే అమ్మాయితో నాకు కొంచెం పని ఉంది.