ఆ రికార్డింగులో ఉన్నది నా గొంతే

నా గొంతు నాకు పడదు. నాలుగేళ్ళయింది. వాయిస్ మెసేజ్ పంపమని ఎవరైనా అంటే కూర్చుని టైపు చేస్తాను. చెల్లెలి సీమంతం వీడియో పెట్టి ఇంట్లో అందరూ చూస్తుంటే, నేను మాట్లాడే చోటు రాగానే లేచి వంటింట్లోకి పోతాను. "నీ గొంతుకేమొచ్చిందే, బాగానే ఉండాది గదా" అంటుంది అమ్మ. బాగానే ఉంటుంది. నా బాధ అదే. ఆ బాగున్న గొంతుతోనే నేనొక అమ్మాయిని ముంచాను.

మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెబితే "పోనీలేప్పా, ఉద్యోగమన్నాక తప్పదు" అంటారు. అనాలని నాకూ లోపల ఆశ ఉంటుంది. అందుకే వాళ్ళకు చెప్పలేదు.

మా నాన్నది కాటన్‌పేటలో బట్టల హోల్‌సేల్ అంగడి. తాతల కాలం నుంచి ఈ కన్నడ ఊళ్ళోనే ఉన్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. మా తెలుగు వింటే గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చినవాళ్ళు నవ్వుతారు. 'ఉండాది' ఏమిటండీ అని. వాళ్ళ నవ్వు ఒకసారి విన్నాక ఆఫీసులో తెలుగువాళ్ళు ఎదురైనా ఇంగ్లీషులోనే మాట్లాడేదాన్ని.

ఆఫీసు కుందలహళ్ళిలో. కంపెనీ పేరు వద్దు. కొత్తవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకునే విభాగంలో నా పని. ఇది జరిగేనాటికి నేనింకా కాంట్రాక్టు మీదే ఉన్నాను. ఆ నెలాఖరుకు పర్మనెంట్ చేస్తామన్నారు.

ఆ ఏడాది ఒక ఖాళీ వచ్చింది. కస్టమర్లు పంపే మెయిళ్ళు చదివి జవాబు రాసే ఉద్యోగం. డిగ్రీ అయితే చాలు, అనుభవం అక్కర్లేదు. ఆ మాత్రం దానికి ఏడు రౌండ్లు పెట్టారు. మొదట కంప్యూటరు మీద పరీక్ష, బొమ్మల వరసలో తర్వాత ఏ బొమ్మ వస్తుందని అడిగేది. మెయిలుకు జవాబు రాయడానికి బొమ్మలెందుకో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు. తర్వాత ఇంగ్లీషు. తర్వాత పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి వాదించుకోమన్నారు. నాలుగోది ఇంటిపని: నలభై ఉత్తుత్తి ఫిర్యాదులిచ్చి, శని ఆదివారాల్లో అన్నిటికీ జవాబులు రాసుకురమ్మన్నారు. ఐదోది మేనేజరుతో. ఆరోది మా కంపెనీ 'వాతావరణానికి' సరిపోతారా లేదా అని ఒక కబుర్ల రౌండు. ఏడోది ప్యానెల్. అక్కకు సంబంధం చూసేటప్పుడు మా నాన్న కూడా ఇన్నిసార్లు చూడలేదు. నన్ను తీసుకున్నప్పుడు ఒక్కటే ఇంటర్వ్యూ, అందులో సగంసేపు ఆ పెద్దమనిషి కాఫీ కోసం చూస్తూ కూర్చున్నాడు.

ఆ రౌండ్లన్నీ దాటుకుంటూ వచ్చింది శారద. అసలు పేరు అది కాదు. ఊరి శివార్లు దాటాక వచ్చే అత్తిబెలె అమ్మాయి. వాళ్ళ అమ్మ గార్మెంట్స్‌లో కుట్టుపని చేస్తుంది, నాన్న లేడు. ఆఫీసుకు పిలిచిన ప్రతిసారీ మూడు బస్సులు మారి వచ్చేది. మూడో రౌండు సంగతి చెప్పడానికి నేను ఫోను చేసినప్పుడు ఇంగ్లీషులో తడుముకుంటూ మాట్లాడింది. మధ్యలో పక్కకు తిరిగి, "అమ్మా, ఆ టీవీ రవ్వంత సన్నగా పెట్టు" అంది. నాకు నవ్వొచ్చింది. అచ్చం మా ఇంటి మాట. "మీరూ మా మాదిరే మాట్లాడతారే!" అన్నాను తెలుగులో. అంతే. ఆ రోజు నుంచి మేడం పోయి అక్క వచ్చింది.

ఇక్కడ మా కంపెనీ పద్ధతి ఒకటి చెప్పాలి. ఆఖరి రౌండుకు ప్యానెల్ ముందుకు ఇద్దరు రావాలి. ఒక్కరే వస్తే పోల్చి చూసినట్టు కాదట. ఎంపిక చెల్లదు, మళ్ళీ బొమ్మల పరీక్ష నుంచి మొదలుపెట్టాలి. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఐదో రౌండు ముగిసేసరికే మేనేజరు ఒకరిని ఖాయం చేసేసుకుంటాడు. రెండో మనిషి ఫారంలో రెండో గడి నింపడానికి. అలాంటివాళ్ళను మేము 'బ్యాకప్' అంటాం. నవ్వుతూనే అంటాం.

ఆ గురువారం మా మేనేజరు ఒక అబ్బాయి పేరు చెప్పి, "ఇతనే. సోమవారం ప్యానెల్‌కు పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టు" అన్నాడు. మిగిలింది శారద ఒక్కతే. ఆమె నంబరును నా ఆఫీసు ఫోనులో 'బ్యాకప్' అని మార్చి పెట్టుకున్నాను. గుర్తు కోసం.

శుక్రవారం సాయంత్రం తనే ఫోను చేసింది.

"అక్కా, ఒక మాట అడగాల. బిజీగా ఉండారా?"

"చెప్పు శారదా."

"మా ఊర్లో ఫ్యాక్టరీలో పని దొరికిండాది అక్కా. డిస్పాచ్ సెక్షన్‌లో, కంప్యూటర్ ఎంట్రీ. పది నిమిషాలు మాట్లాడి, సోమవారం తొమ్మిదికంతా వచ్చేయమన్నారు. మీ ఇంటర్వ్యూ కూడా సోమవారమే గదా. ఒకరోజు ఆగండని అడిగితే, రాకుంటే వేరేవాళ్ళను పెట్టుకుంటాం అంటాండారు. ఏం జేసేది అక్కా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎదురుగా స్క్రీను మీద ఫారం తెరిచే ఉంది. మొదటి గడిలో ఆ అబ్బాయి పేరు, దాని పక్కన పచ్చ గుర్తు. రెండో గడి ఖాళీ. శారద రాకపోతే ఇంకో నెల. మేనేజరు చిందులు. నెలాఖరుకు పర్మనెంట్ సంగతి దేవుడెరుగు.

"అయ్యో, దానికెందుకప్పా బేజారు?" అన్నాను. "నువ్వు చానా బాగా చేసిండావు. ఇంత దూరం వచ్చి, ఇంకొక్క మెట్టు దగ్గర వెనక్కి పోతారా ఎవరైనా? వచ్చేయమ్మా."

అటువైపు కుక్కరు విజిల్ వేసింది. అది ఆగేదాకా ఆగి అడిగింది.

"నిజంగా నాకే అవుతాదా అక్కా?"

"నేనుండాను గదా" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో నాలుగేళ్ళుగా తవ్వుకుంటూనే ఉన్నాను. భయమా? భయమే అనుకుంటే కొంచెం తేలిగ్గా ఉంటుంది. కానీ ఫ్యాక్టరీకే పో అని చెప్పి ఉంటే నన్ను ఉరి తీసేవాళ్ళా? మేనేజరు రెండు మాటలనేవాడు, పర్మనెంట్ ఇంకో మూడు నెలలు వెనక్కి పోయేది, మా నాన్న అంగడి అక్కడే ఉంది, మేమేమీ పస్తులుండేవాళ్ళం కాదు. మరి? ఆ మాట అంటున్నప్పుడు నేను అబద్ధమాడుతున్నానని కూడా నాకు అనిపించలేదు, అదీ అసలు సంగతి. ప్రేమగానే అన్నాను. ఒక అమ్మాయి నన్ను అక్కా అని నమ్మి సలహా అడుగుతుంటే, ఇన్నేళ్ళు ఆఫీసులో దాచుకున్న నా ఇంటి మాట అంత హాయిగా బయటికొస్తుంటే, నాకు ఆ నిమిషం బాగుంది. ఛీ! చెబుతుంటే నాకే రోతగా ఉంది.

సోమవారం పదిన్నరకు ప్యానెల్ అన్నాం. పదింటికే వచ్చింది. మీగడ రంగు చుడీదారు, ఇస్త్రీ మడతలు అలాగే ఉన్నాయి. ఒళ్ళో సంచి, అందులో టిఫిన్ డబ్బా. ఆ అబ్బాయిని ముందు పిలిచారు. ఆ తర్వాత ప్యానెల్ వాళ్ళు ఏదో మీటింగన్నారు, భోజనమన్నారు. రెండు దాటాక శారదను పిలిచి పది నిమిషాల్లో పంపేశారు. బయటికొచ్చి గాజు తలుపు అవతల నుంచి నన్ను వెతుక్కుని నవ్వింది. నేను లాప్‌టాప్‌లోకి తల దూర్చాను.

తీసుకోకపోవడానికి కారణం రాయాలి. మేనేజరును అడిగితే "ఏదో ఒకటి పెట్టెయ్" అన్నాడు. కారణాలు కూడా రాసే పని లేదు, జాబితా ఉంటుంది, అందులోంచి నొక్కడమే. మూడోది నొక్కాను. 'కమ్యూనికేషన్ సరిగా లేదు.' నలభై మెయిళ్ళకు ఆ అమ్మాయి రాసిన జవాబులు నేను చదివాను. కోపంగా ఉన్న మనిషిని ఎలా చల్లబరచాలో మా ఆఫీసులో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలీదు.

మంగళవారం ఫోను చేసింది, ఎత్తలేదు. బుధవారం రెండుసార్లు. మోగిన ప్రతిసారీ స్క్రీను మీద 'బ్యాకప్' అని వచ్చేది. శుక్రవారం ఆ కారణంతో సహా కంపెనీ మెయిలు దానంతటదే వెళ్ళింది. ఆ సాయంత్రం ఒక మెసేజ్ వచ్చింది.

"అక్కా, మెయిల్ చూసినాను. పర్వాలేదు. ఫ్యాక్టరీలో వేరే అమ్మాయి చేరిపోయింది. నా కమ్యూనికేషన్ ఎక్కడ సరిగా లేదో మీరు చెప్తే నేర్చుకుంటాను."

తిట్టి ఉంటే బాగుండేది. నేను జవాబివ్వలేదు. ఏమని రాయను? నెలాఖరుకు నన్ను పర్మనెంట్ చేశారు. ఆఫీసులో అందరికీ మైసూర్‌పాక్ పంచాను.

ఇంతటితో అయిపోయి ఉంటే మరిచిపోయేదాన్నేమో. నన్ను నేను అంత పొగుడుకోను, తప్పకుండా మరిచిపోయేదాన్ని. కానీ మా ఆఫీసు ఫోన్లన్నీ రికార్డవుతాయి. ఆరు నెలల తర్వాత ట్రైనింగ్ చూసే పెద్దాయన ఆ కాల్ పట్టుకున్నాడు. పేర్లు వినపడకుండా చేసి, తెర కింద మాటలకు ఇంగ్లీషు అర్థం వేయించి, కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ వినిపించడం మొదలుపెట్టాడు. చేజారిపోయే క్యాండిడేటును ఎలా నిలుపుకోవాలో చూడండి. సొంత భాషలో ఎలా నమ్మకం కలిగించిందో చూడండి, అనేవాడు. నేను మాట్లాడకుండా ఫారం చూస్తూ కూర్చున్న ఆ నాలుగు క్షణాలు ఉన్నాయే, అక్కడ రికార్డింగు ఆపి మరీ చెప్పేవాడు, ఎదుటివాళ్ళ కష్టాన్ని మనసుపెట్టి వినడమంటే ఇది అని. నన్నూ ఆ గదిలో కూర్చోబెట్టి ఈ గొంతు ఈమెదే అనేవాడు, అందరూ నా వైపు తిరిగి చూసేవాళ్ళు. నేను సిగ్గుపడినట్టు నవ్వేదాన్ని.

రెండేళ్ళుగా ఆ ట్రైనింగ్ నేనే ఇస్తున్నాను. నా వేలితోనే ఆ బటన్ నొక్కుతాను. ఆ అమ్మాయి ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో, ఎక్కడ విజిల్ వస్తుందో అంతా కంఠతా వచ్చు. 'నేనుండాను గదా' వచ్చే ముందు మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంటాను. ఆపేయొచ్చు కదా అని మీరడుగుతారు. ఎందుకాపుతున్నావని పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను? అడగరేమో కూడా. ఆ వంకతోనే రెండేళ్ళు గడిచాయి.

పోయిన వారం కొత్త బ్యాచ్‌లో అనంతపురం అమ్మాయి ఒకతి ఉంది. మిగతావాళ్ళు కింది అక్షరాలు చదువుతుంటే, ఈ పిల్ల మాత్రం కళ్ళు మూసుకుని వింది. అయిపోగానే చెయ్యెత్తింది.

"మేడం, ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందా?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. క్యాండిడేటును నిలుపుకున్నామా లేదా అన్నదే అడిగారు అందరూ.

"వచ్చింది" అన్నాను.

"అబ్బ, బతికించారు మేడం! ఇంతసేపూ భయపడతానే ఉన్నా" అని ఆ పిల్ల గుండె మీద చెయ్యేసుకుంది.

అప్పటి నుంచి కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. బస్సులో రెండు స్టాపుల ముందే దిగి నడుస్తున్నాను. మొన్న ఆదివారం అంగడికి పోతున్నానని ఇంట్లో చెప్పి అత్తిబెలె వెళ్ళాను. కాగితాల్లో చిరునామా కూడా చూసుకుపోలేదు. దొరికితే మాత్రం ఏ మొహం పెట్టుకుని నిలబడను? చెక్‌పోస్టు దగ్గర లారీలు పోతుంటే చూస్తూ రెండు కాఫీలు తాగి, వచ్చిన బస్సే ఎక్కి తిరిగొచ్చాను. ఆ నంబరు ఇంకా నా దగ్గరుంది, పేరు ఇప్పటికీ మార్చలేదు. మార్చబోయిన ప్రతిసారీ, ఇప్పుడు పేరు పెట్టి ఎవరిని ఉద్ధరిద్దామని నా మీద నాకే చిరాకేస్తుంది.

సోమవారం ఇంకో బ్యాచ్ ఉంది. బటన్ నొక్కుతానో లేదో ఇక్కడ ప్రమాణాలేవీ చేయను. నా ప్రమాణాల సంగతి నాకు తెలుసు. ఆ అనంతపురం పిల్లకు చెప్పాల్సింది మాత్రం ముందు మీకు చెబుతున్నాను. ఉద్యోగం రాలేదు. రాదని నాకు ముందే తెలుసు. తెలిసే రమ్మన్నాను. నాలుగేళ్ళలో ఈ మూడు మాటలు ఒకదాని పక్కన ఒకటి పెట్టడం ఇదే మొదటిసారి. పెట్టాక గుండెల మీద బరువు కాస్త జరిగింది, అంతే. దిగలేదు.

ఇంకొక్కటి మిగిలింది, శారద అడిగింది. ఎక్కడ సరిగా లేదో చెబితే నేర్చుకుంటానంది. అన్ని రౌండ్ల కాగితాలూ మళ్ళీ తీసి చదివాను. ఎక్కడా ఏమీ లేదమ్మా. నీది చానా బాగుండాది. జాబితాలో అది మూడోది, నా చేతికి దగ్గరగా ఉందని నొక్కాను.