సీపీయూకి సాంబ్రాణి

నా చెయ్యి మంచిది కాదట. ఇన్నేళ్లయినా ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సైదాబాద్‌లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే దుకాణంలో పనిచేశాను. మేడమీద రెండు గదులు. ముందు గదిలో ఓనరు, వెనక గదిలో కంప్యూటరూ నేనూ. పెళ్లికూతుర్ని తామరపువ్వులో కూర్చోబెట్టడం, పెళ్లికొడుకు ముఖాన్ని చందమామలో ఇరికించడం, ఇద్దరి పేర్లనూ గిరగిరా తిప్పి నిప్పురవ్వల మధ్య ఆపడం, ఇదీ నా ఉద్యోగం. నవ్వితే నవ్వండి, ఆ నిప్పురవ్వలు నేర్చుకోవడానికి నాకు కోర్సులోనే ఆరు నెలలు పట్టింది.

అన్నీ పేర్చాక రెండర్ పెట్టాలి. అంటే పొరలుపొరలుగా పెట్టిన బొమ్మలన్నిటినీ కలిపి కంప్యూటర్ ఒక్కో ఫ్రేమునూ వండి వార్చాలి. దానికి గంటలు పడుతుంది. నేను చేరిన రెండో నెలలో అది సగంలోనే ఆగిపోవడం మొదలైంది. తెర ఒక్కసారిగా నల్లబడేది, చేసిన పనంతా గంగలో కలిసేది.

"నువ్వు వచ్చినకాడికెల్లి గిట్లనే అయితుంది. నీ చెయ్యే మంచిగ లేదు" అన్నాడు ఓనరు.

నాకంటే ముందు పనిచేసినతన్ని ధూల్‌పేట నుంచి పిలిపించాడు. అతను నా కుర్చీలో కూర్చుని, నా ఫైలే తెరిచి, రెండర్ పెట్టాడు. ఇరవై నిమిషాలకు తెర నల్లబడింది. ఓనరు అతని భుజం తట్టి, "కరెంట్ డౌన్ ఉన్నట్టుంది భాయ్, ఫికర్ చెయ్యకు" అని చాయ్ తెప్పించాడు. అతని చేతిలో ఆగితే కరెంటు, నా చేతిలో ఆగితే నా చెయ్యి! అతను వెళ్లగానే సీపీయూకి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టించాడు. వాటి ఎదురుగా కూర్చుని పనిచేయాల్సింది మళ్లీ నేనే.

ఆ వారం ఒక పెళ్లి క్యాసెట్ ఇవ్వాలి. పెళ్లికూతురి తల్లి రోజూ మెట్లెక్కి వచ్చి అడిగి వెళ్తోంది. ఓనరు తెగేసి చెప్పాడు: "ఐతారం దాక క్యాసెట్ కాకుంటే సోమారం సంది నువ్వు రాకు."

సరే అనుకుని ఒక నోటుబుక్కు పెట్టాను. రెండర్ ఆగిన ప్రతిసారీ ఎన్నో ఫ్రేము దగ్గర ఆగిందో రాశాను. ప్రతిసారీ ఒకే ఫ్రేము దగ్గర ఆగితే తప్పు నా పనిలో ఉన్నట్టు, నేనొప్పుకుంటాను. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే తప్పు కంప్యూటర్ పెట్టెలో ఉన్నట్టు. పుస్తకంలో ఏ రెండు అంకెలూ కలవలేదు. పొద్దున్నే మొదలుపెడితే ఎక్కువసేపు నడుస్తోంది, ఆగిన వెంటనే మళ్లీ పెడితే పది నిమిషాలకే పడిపోతోంది. వెనక చెయ్యి పెట్టి చూస్తే పెట్టె పెనంలా కాలుతోంది. పుస్తకం తీసుకెళ్లి ఓనరుకి చూపిస్తే, "గీ లెక్కలు నాకెందుకు" అని మొహం తిప్పుకున్నాడు.

గురువారం పొద్దున సాంబ్రాణి పొగ వేసే సాయిబు వచ్చాడు. కిషన్‌బాగ్ నుంచి నడిచొచ్చే ముసలాయన. వారానికి మూడుసార్లు వీధిలోని దుకాణాలన్నిటికీ పొగ పట్టేవాడు. మిగతా దుకాణాల్లో గడప దగ్గర ఆగేవాడు. మా ఓనరు మాత్రం వెనక గదిలోకి తీసుకొచ్చి, "పెట్టెకు గూడ మంచిగ పట్టు బాబా, దిష్టి పోవాలె" అనేవాడు. ఆ రోజు చూశాను, పక్కనున్న కంతల్లోంచి పొగ జర్రున లోపలికి పోతోంది. ఇన్నాళ్లూ నా కళ్లముందే జరిగింది, నాకూ తట్టలేదు.

ఓనరు షూటింగుకి వెళ్లగానే వైరు పీకి, మరలు విప్పి, పక్క రేకు తీశాను. లోపలి ఫ్యాను రెక్కలమీద జిడ్డుమసి, దానిమీద దూదిలా దుమ్ము. వేలితో తిప్పితే తిరగడం లేదు. పాత పెయింట్ బ్రష్షుతో గంటసేపు గీకి, ఊడిందంతా కాగితంలో పొట్లం కట్టాను. శుక్రవారం సాయిబుని మెట్లమీదే ఆపి, పొగకి లోపలి ఫ్యాను బిగుసుకుపోతోంది, పెట్టె దగ్గరికి రావద్దని చెప్పాను.

"అయ్యో, డబ్బాకు దమ్ము ఆడతలేదా బేటీ? ముందుగాల చెప్పొద్దా?" అన్నాడు. అంతే, ఇంకో మాట అడగలేదు.

శనివారం రెండర్ ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిచింది. ఆదివారం ఆ తల్లి వచ్చి టీవీలో కూతురు తామరపువ్వులో కూర్చోవడం చూసి కళ్లు తుడుచుకుంది. ఓనరు చేతులు కట్టుకుని, "నిమ్మకాయ కట్టినంకనే మంచిగైంది అమ్మా" అన్నాడు.

నాకు ఆగలేదు. పొట్లం తెచ్చి ఆయన బల్లమీద విప్పాను. "నిమ్మకాయ కాదన్నా, ఇది తీస్తే బాగైంది. ఇది మీ పొగ, నా చెయ్యి కాదు" అన్నాను. ఆవిడ మసినీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఓనరు క్యాసెట్ ఆవిడ చేతిలో పెట్టి, మెట్లదాకా సాగనంపి వచ్చాడు.

"కస్టమర్ ముంగట నా ఇజ్జత్ తీస్తవా? ఆడపిల్లవు, మరలు విప్పుడేంది? రేపటి సంది రాకు" అన్నాడు. నేను సంచి సర్దుకుంటుంటే గొంతు తగ్గించి, "ఆ బుక్కు ఈడ పెట్టి పో" అన్నాడు.

నా చెయ్యి పనికిరాదు గానీ ఆ చెయ్యి రాసిన బుక్కు కావాలి! ఇవ్వలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మంగళవారం అక్కడ పనిచేసినట్టు నాకు రావాల్సిన సర్టిఫికెట్ కోసం మళ్లీ ఆ మెట్లెక్కాను. ధూల్‌పేట అతను నా కుర్చీలో ఉన్నాడు. గడప బయట సాయిబు పొగ పడుతున్నాడు. లోపల్నుంచి ఓనరు, "లోపటికి రా బాబా, పెట్టెకు పట్టు" అని కేకేస్తున్నాడు.

"నై సేట్, డబ్బా దగ్గరికి పోవద్దని బేటీ చెప్పింది" అంటున్నాడు ముసలాయన, గడప దాటకుండా.