నిండు సీసాలు

మెడలో విజిల్, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు, ఎండకు కమిలిన ముక్కు. బళ్లో అందరికీ ఆమె విజిల్ టీచరే. నడిస్తే కవాతు చేస్తున్నట్టే ఉంటుంది. అంతటి మనిషీ పరిశోధన పట్టా కోసం ప్రొఫెసరు గదిలోకి వెళ్లేసరికి చేతులు కట్టుకుని నిలబడుతుంది. ‘బాలికల ఆరోగ్యం’ అని అంశం రాసుకెళ్తే ఆయన ఎర్రపెన్నుతో కొట్టేశాడు. ‘బాలికల పోషణ’ అని మార్చినా కొట్టేశాడు. “ఇది తేల్చడానికి మీకు ఏడు జన్మలు చాలవమ్మా. ఒక్క ప్రశ్న పట్టుకురండి.”

ఆటల పీరియడ్ అయ్యాక గోడవారన ఉన్న మంచినీళ్ల సీసాలు ఎత్తి సర్దడం ఆమె అలవాటు. ఆ రోజు మగపిల్లల సీసాలు తేలిగ్గా లేచాయి. ఆడపిల్లలవి మాత్రం పొద్దున నింపినంత బరువుగా ఉన్నాయి. “ఇంత ఎండలో ఆడి గుక్కెడైనా తాగలేదేమే?” అని ఒక పిల్లను అడిగింది. “తాగితే వెళ్లాలి కదా టీచర్. అక్కడ తలుపుకి గడియ లేదు.” వారం తిరిగాక ప్రొఫెసరు ముందు ఆమె చేతులు కట్టుకోలేదు. ‘మరుగుదొడ్డికి గడియ బిగిస్తే ఆడపిల్లలు బళ్లో నీళ్లు తాగుతారా?’ అని రాసిన కాగితం ఆయన ముందుకు జరిపింది. “వారం రోజులుగా సాయంత్రం సీసాలు తూస్తున్నాను సార్. గడియ బిగించాక మళ్లీ తూస్తాను.” ఆయన రెండుసార్లు చదివి, ఎర్రపెన్నుకు మూత పెట్టేశాడు. “దీనికి పరికరాలేం కావాలమ్మా?”

“తెచ్చేశాను సార్,” అంటూ టీచరు సంచిలోంచి కొత్త ఇనప గడియ, నాలుగు స్క్రూలు తీసి ఆయన బల్లమీద పెట్టింది.