ఎదురు పురి

వీధిలో అందరూ ఆమెను మెలికత్త అంటారు. ఎవరేం చెప్పినా అందులో ఒక మెలిక పెట్టందే వదలదని. ఆ పేరుకు ఆమె ఏనాడూ మొహం మాడ్చుకోలేదు. "తాళ్లు పేనేదాన్ని. నేను మెలిక పెట్టకపోతే మీ బకెట్లన్నీ బావుల్లోనే ఉండేవి" అంటుంది.

ఇంటి వెనక పొడుగాటి రేకుల షెడ్డు. ఈ కొసన చేతి చక్రం, ఆ కొసన గోడ. పీచు ఒళ్లో కట్టుకుని, దాని కొస చక్రం కొక్కేనికి తగిలించి, వేళ్ల సందుల్లోంచి కొంచెం కొంచెం వదులుతూ వెనక్కి నడవాలి. ఇంకొకరు చక్రం తిప్పుతుంటే పీచుకు పురి ఎక్కి పోగవుతుంది. మూడు పోగులు తయారయ్యాక వాటిని కలిపి ఎదురు వైపు తిప్పుతారు. పోగులు విప్పుకోవాలని చూస్తాయి, తాడు బిగించాలని చూస్తుంది. ఎవరూ తగ్గరు. ఆ పోట్లాట వల్లే తాడు నిలుస్తుంది. మెలికత్తకు సంసారం కూడా అలాగే అర్థమైంది. మొగుడు ఉన్నన్నాళ్లూ ఆయన చక్రం తిప్పాడు, ఈమె వెనక్కి నడిచింది, ఇద్దరూ అరుచుకుంటూనే బతికారు. ఆయన పోయాక చక్రం దగ్గర కోడలు కూర్చుంది.

కోడలిది మెత్తటి నోరు, గట్టి చెయ్యి. అలాంటిది ఈ మధ్య చక్రం వైపే రావడం లేదు. ఏడో నెల. నడుం నొప్పంది. నిజమే కాబోలు అనుకుని మెలికత్త పక్కింటావిడను బతిమాలుకుని పని సాగిస్తోంది.

ఒక ఆదివారం పొద్దున్నే వదిన దిగింది. మెలికత్త మొగుడి అక్క. గోదాములో మూటలు మోసే కొడుకు కూడా ఈ మేనత్త ముందు మాత్రం చిన్నపిల్లాడైపోతాడు. ఆవిడ కూర్చోకుండానే అందుకుంది.

"ఆ చక్రం ఇంట్లోంచి తీసేయండి. పురుడయ్యేదాకా ఇక్కడ తాడు పేనడానికి వీల్లేదు."

"ఏం వదినా, చక్రం నిన్నేమైనా కరిచిందా?"

"నీ ఎగతాళి ఆపు. పోయినసారి బిడ్డ మెడకు బొడ్డుపేగు చుట్టుకుని పోయాడు కదా. ఎందుకు పోయాడు? కడుపుతో ఉన్నది చక్రం తిప్పితే లోపల పేగు తిరగదూ? పైగా ఎదురు తిప్పిందట!"

మెలికత్త కొడుకు వైపు చూసింది. వాడు గోడ వైపు చూశాడు.

"ఎదురు తిప్పిందని ఎవరు చెప్పారు?"

"నేనే ఆయనకు చెప్పాను అత్తయ్యా" అంది కోడలు, గుమ్మంలో నిలబడి.

అప్పుడు గుర్తొచ్చింది మెలికత్తకు. పోయిన కానుపుకు ముందు ఒక రోజు, మొహాన ఎండ కొడుతోందని కోడలు చక్రానికి అవతలి పక్కన కూర్చుంది. చెయ్యి అలవాటు ప్రకారమే తిరిగింది, చక్రం మాత్రం ఎదురు తిరిగింది. ఎక్కిన పురి అంతా విడిపోయి పీచు పీచుగా రాలింది. అత్తాకోడళ్లిద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ వారంలోనే లోపల బిడ్డ కదలడం మానేశాడు. ఆ నవ్వును ఈ పిల్ల అప్పటి నుంచీ గొంతులో ముల్లులా పెట్టుకుని తిరుగుతోందన్నమాట.

"మళ్లీ అదే నెల వచ్చింది అత్తయ్యా. నా చేతులంటే నాకే భయమేస్తోంది."

మెలికత్తకు ఒళ్లు మండింది.

"వదినా, నువ్వెప్పుడైనా బొడ్డుపేగు చూశావా? వీడు పుట్టినప్పుడు నర్సమ్మ నాకు పట్టుకుని చూపించింది. నున్నగా, మెలికలు తిరిగిన తాడు. లోపల మూడు గొట్టాలట, మూడు పోగుల్లాగే. ఇంత బాగా ఎవరు పేనారమ్మా అని అడిగా. అందరికీ ఇలాగే ఉంటుందిలే అని నవ్వింది. ఆ పేనినవాడు నా పనివాడే. నాకంటే పెద్ద పనివాడు. వాడి పని చెడగొట్టేంత చెయ్యి నా కోడలికి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"దేవుడితో వంతులకు పోతున్నావా?"

"వంతులు కాదు. ఆయనదీ నాదీ ఒకటే పని అంటున్నా. తప్పయితే ముందు ఆయన్ని మానమను."

"వచ్చే ఆదివారం మళ్లీ వస్తా. అప్పటికి చక్రం కనపడకూడదు" అని మేనల్లుడికి చెప్పి వదిన వెళ్లిపోయింది.

వదిన నోటికి జవాబు దొరికింది గానీ కోడలి చేతులు కొంగు కిందే ఉండిపోయాయి. మెలికత్త ఆమెను పెరట్లోకి లాక్కెళ్లింది. చిక్కుడు తీగ కర్రను చుట్టుకుని పాకుతోంది.

"దీని కొస విప్పు. ఇప్పుడు ఎదురు వైపు చుట్టి పీచుతో కట్టు. నువ్వే కట్టు, నేను ముట్టను."

కోడలు భయం భయంగానే కట్టింది. రెండు రోజులు పోయాక మెలికత్త మళ్లీ తీసుకెళ్లి చూపించింది. కట్టిన చోట కట్టినట్టే ఉంది. దాని పైన కొత్తగా పెరిగిన కొస మాత్రం ఎప్పటి వైపుకే తిరిగి కర్రను పట్టుకుంది.

"చూశావా? కట్టేసినా నీ చెయ్యి మాట వినలేదు. నీ నడినెత్తిన సుడి ఉందే, దాన్ని మీ అమ్మ చక్రం పెట్టి తిప్పిందా?"

కోడలికి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. "మరి వాడి మెడకే ఎందుకు చుట్టుకుంది?"

"తెలీదమ్మా. ఇప్పుడు కడుపులో ఉన్నది బతుకుతుందో లేదో కూడా నాకు తెలీదు. నీ చెయ్యి కాదు. నాకు తెలిసింది అదొక్కటే."

"అదే నెల కదా అత్తయ్యా..."

"పురి తిరిగి తిరిగి అదే పక్కకొస్తుంది. అదే చోటుకు రాదు, ముందుకు జరిగి ఉంటుంది. నెల కూడా అంతే. ఇది ఆ నెల కాదు."

కోడలు తీగకు కట్టిన పీచును తనే విప్పింది.

ఆదివారం వదిన రానే వచ్చింది. షెడ్డులో చక్రం ఎక్కడిదక్కడే ఉంది. "ఏరా, నా మాటంటే లెక్కలేదా?" అని మేనల్లుడి మీద విరుచుకుపడింది. వాడు తలొంచుకుని చక్రం పీకడానికి వంగాడు. మెలికత్త అడ్డం వెళ్లబోయేలోగా కోడలు వంటింట్లోంచి వచ్చి, పొట్ట పట్టుకుని మెల్లగా చక్రం ముందు చతికిలబడింది. పిడి మీద చెయ్యేసింది.

"చెయ్యి తియ్యవే! దీన్ని కూడా చంపుకుంటావా?" అని అరిచింది వదిన.

"నేను చంపలేదు" అంది కోడలు. మొగుడి వైపు తిరిగి ఇంకోసారి అంది. "వినపడిందా? నా బిడ్డను నేను చంపలేదు. లే అక్కణ్ణుంచి."

వాడు లేచాడు. ఏం చెయ్యాలో తోచక, ఎవరూ చెప్పకుండానే పీచు మూట తెచ్చి తల్లి చేతికిచ్చాడు. మెలికత్త పీచు ఒళ్లో కట్టుకుని కొస కొక్కేనికి తగిలించింది, కోడలు చక్రం తిప్పసాగింది. వదిన ఇంకా ఏదో అంటూనే ఉంది గానీ చక్రం చప్పుడులో ఆ మాటలెవరికీ అందలేదు. మెలికత్తకు కళ్లు మసకబారి పోగు కనపడటం లేదు, నిలబడిపోయింది.

"ఏంటి అత్తయ్యా, చూస్తూ నిలబడ్డారు? పురి ఎక్కువై ముడిపడుతోంది, నడవండి!" అని కసిరింది కోడలు.