చేతుల్లేని మాస్టర్‌జీ

ఒక మాస్టర్‌జీ చేతులతో క్రేన్ సైగలు నేర్పే వీడియోని అరచేతిలో పట్టే ప్లేయర్లకి సరిపోయేలా మార్చడం ఇవాళ మా ట్రైనింగ్ సెంటర్లో నా పని. ఫ్యాక్టరీ వర్క్‌షాపులోకి ఫోన్లు తేనివ్వరు కాబట్టి, కొత్తగా చేరినవాళ్ళు సుపేలా బజారులో కొన్న ఈ ప్లేయర్లలోనే చూసుకోవాలి. బొమ్మ తెరనిండా రావాలని రెండు పక్కలా కాస్త కత్తిరించి, ఇరవై ప్లేయర్లలోకీ ఎక్కించేశాను. గర్వంగా ఒకటి అప్పలస్వామి బాబాయ్ చేతికిచ్చాను. ఆయన ఏళ్ళ తరబడి క్రేన్ నడిపి, ఇప్పుడు మా దగ్గర పాఠాలు చెబుతున్నారు.

కళ్ళజోడు ఎత్తి చూశారు, దించి చూశారు.

“ఏటమ్మా, ఈ మాస్టర్‌జీకి చేతులేవీ?”

నిజమే. చాచిన రెండు చేతులూ నా కత్తిరింపులో పోయాయి. మిగిలింది హెల్మెట్, మీసం, నవ్వు.

“ఇది చూసి కొత్తోళ్ళు ఏటి నేర్చుకుంతారు? లోడు నెత్తిమీదికొస్తంటే కింద నిలబడి నవ్వుతారేటి?”

నవ్వొచ్చింది, వెంటనే గుండె ఝల్లుమంది. ఇరవైలోనూ కత్తిరించకుండా మళ్ళీ మొదటినుంచి ఎక్కించాను. పైనా కిందా నల్లపట్టీలు వచ్చాయి, చేతులూ వచ్చాయి.

అందంగా ఉండాలని అసలు సంగతే కత్తిరించేసినవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే చేతులెత్తండి. పూర్తిగా కనబడేలా.